మాక్ టెస్ట్ రాస్తే నమ్మకం లేనట్టేనా?

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు పేరు వేయవద్దని కోరుతూ పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు 31 ఏళ్లు. ఎమ్మెస్సీ, బీఈడీ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నారు. భర్త ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో పనిచేస్తారు. నాలుగేళ్ల పాప. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. పుట్టిల్లు ఎమ్మిగనూరు దగ్గర పల్లె, తండ్రి ఉల్లి రైతు. 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు రెండు మార్కుల లోపు తేడాతో పోయింది. ‘ఆ రోజు నుంచి స్టాఫ్‌రూంలో ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు’ అని రాశారు. ఆ దిగులులో ఉండగా ఫోన్‌లో ఒక కోచ్ ప్రకటన కనబడింది. 99 రూపాయలకు రెండు గంటల క్లాసు. అది నచ్చి 14,000తో ఆరు వారాల కోర్సు. కోరుకున్నది ఇప్పటికే దక్కినట్టు భావిస్తే యూనివర్స్ దాన్ని తెచ్చి చేతిలో పెడుతుందని అక్కడి పాఠం. పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి తొమ్మిదిసార్లు ‘నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని, థాంక్యూ యూనివర్స్’ అని నోట్‌బుక్కులో రాయాలి. మొదటి నెల ప్రాణం తేలికపడింది, నిద్ర కూడా పట్టింది అంటున్నారు.

తర్వాత నియమాలు పెరిగాయి. మాక్ టెస్టులు రాయకూడదు, తప్పులు వెతుక్కోవడమంటే ఓటమిని పిలవడమేనట. నెగటివ్ మనుషులకు దూరంగా ఉండాలి. గురువారాలు మంత్రాలయం వెళ్లి మొక్కుకోవడం ఆపాలి, అడిగామంటే మన దగ్గర లేదని ఒప్పుకున్నట్టేనట. చెడు ఆలోచన వస్తే వెంటనే ‘క్యాన్సిల్, క్యాన్సిల్’ అనుకోవాలి. ఒకసారి తండ్రి ఫోన్లో ‘ఈసారి ధర పడిపోయేట్టుందమ్మా’ అంటే, అలా మాట్లాడొద్దని కసిరి ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఒక రాత్రి ‘నాయనకు ఏమన్నా అయితే’ అనే ఆలోచన వచ్చింది. వారం తిరక్కుండానే ఆయనకు గుండెనొప్పి వచ్చి స్టెంటు వేయాల్సి వచ్చింది. కోచ్‌ను అడిగితే, ‘మీ లోపల భయం ఉంది, అది క్లియర్ చేసుకోవాలి’ అంటూ 60,000 రూపాయల పై లెవల్ చూపించారు. ఈ ఆదివారం లోపు కట్టాలి. ఇప్పటిదాకా కట్టింది చీటీ డబ్బు, ఆ సంగతి భర్తకు తెలియదు.

ఆమె ప్రశ్నలు ఇవి. నాయనకు నావల్లే అలా అయిందా? ఉద్యోగం రాకపోవడానికి నా నమ్మకంలో లోపమే కారణమా? పై లెవల్లో చేరాలా, అన్నీ మానేయాలా? మా అత్త ఏళ్లుగా ధ్యానం చేస్తుంది, అదీ ఇదీ ఒకటే కదా? ‘ఈ ఉత్తరం రాయడం కూడా నెగటివ్ వైబ్రేషనేమో అని భయంగా ఉంది’ అన్నది చివరి వాక్యం.

సమాధానం:

అమ్మా, ముందు మీ నాయన సంగతి చూద్దాం. అది తేలకుండా మిగతా మాటలేవీ మీ చెవికెక్కవు.

మీ ఆలోచన ఆయన గుండెను ఏమీ చేయలేదు. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. వయసు, బీపీ, షుగరు, బీడీ, పొగాకు, వంశంలో ఉన్న జబ్బు, ఇలాంటివి దానికి కారణాలు. మీకు ఆ ఆలోచన వచ్చిన రాత్రికి చాలా ముందే ఆ నాళం పూడుకుంటూ వచ్చి ఉంటుంది. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న కూతురికి, పొలం పనిలో ఉన్న తండ్రి గురించి ‘ఏమన్నా అయితే’ అనిపించడం ఎంత మామూలు సంగతి! మీకే ఇదివరకు ఎన్నోసార్లు అనిపించి ఉంటుంది. ఏమీ జరగని రాత్రులు ఎవరికీ గుర్తుండవు. జరిగిన ఒక్క రాత్రే మిగిలిపోయి సాక్ష్యం చెబుతున్నట్టు ఉంటుంది.

ఇక ఆ ‘క్యాన్సిల్’. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదని మనవాళ్లు ఎగతాళిగా అంటూ ఉంటారు. ఆ షరతు పెట్టాక గ్లాసు ఎత్తగానే కోతి రాకుండా ఉంటుందా? డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ఇదే సంగతి ప్రయోగం చేసి చూపించారు. విద్యార్థులకు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, ఆలోచన వస్తే గంట కొట్టమని చెప్పారు. గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత ‘ఇక ఆలోచించుకోండి’ అని వదిలేస్తే, మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్లకంటే వీళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది. మీకు ఈమధ్య చెడు ఆలోచనలు పెరిగాయంటే మనసు చెడిపోయిందని కాదు. ఇరవైనాలుగు గంటలూ దానికి కాపలా కాయమని మీకు నేర్పారు, అందుకే పెరిగాయి.

ఒక జాగ్రత్త. క్యాన్సిల్ అనకపోతే ఎవరికో ఏదో అవుతుందన్న భయంతో పని చేసుకోలేకపోతుంటే, ఇన్నిసార్లు అనకపోతే ఊరుకోలేకపోతుంటే, నిద్ర పట్టకుండా పోతుంటే, డాక్టరుకు చూపించుకోవలసిన దశ వచ్చినట్టే. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లడానికి మొహమాటమైతే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇలాంటి భయాలకు మంచి చికిత్స ఉంది, ఇందులో సిగ్గుపడే పనేమీ లేదు.

అత్తగారి ధ్యానం గురించి అడిగారు. 1990లో ధ్యాన గురువు సుభాష్ పత్రిగారు కర్నూలు స్పిరిచువల్ సొసైటీ మొదలుపెట్టినప్పటి నుంచి మీ ఊళ్లో ఆనాపానసతి, అంటే శ్వాసను గమనించే ధ్యానం, తెలియని వీధి ఉండదేమో. ఆలోచనకు శక్తి ఉందన్న మాట అక్కడా వినిపిస్తుంది, మీ కోచ్ దగ్గరా వినిపిస్తుంది, కాబట్టి రెండూ ఒకటే అనిపించడంలో వింతేమీ లేదు. సిద్ధాంతాల తేడా నన్నడగకండి, అత్తగారినే గమనించండి. మీరే రాశారు, ఆమె తెల్లవారుజామున కూర్చుని శ్వాసను చూస్తుంది, లేచి పొయ్యి ముట్టిస్తుంది అని. వచ్చిన ఆలోచనను వచ్చినట్టు వదిలేస్తుంది. దానితో పోట్లాడదు, దానికి భయపడదు. కూర్చున్నందుకు పోస్టింగ్ ఆర్డర్ రావాలని గడువూ పెట్టదు. మీకు నేర్పిన పద్ధతి సరిగ్గా దీనికి ఎదురు. ప్రతి ఆలోచననూ పట్టుకుని మంచిదా చెడ్డదా అని తనిఖీ చేయాలి. పద్దెనిమిదిసార్లు రాసేకంటే ఓ నాలుగు రోజులు అత్తగారి పక్కన ఊరికే కూర్చుని చూడండి. ఏదీ కోరకుండా.

కోరడం తప్పని మాత్రం నేను అనడం లేదు. ‘అడుక్కుంటే లేమి వస్తుంది’ అన్న మాట మన భక్తికి పరాయిది. గీత ఏడో అధ్యాయంలో నలుగురు భక్తులను చెప్పారు: కష్టంలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదో కావాలని కోరి వచ్చినవాడు, జ్ఞాని. ఈ నలుగురూ ఉదారులే అని ఆ వెంటనే ఉంది. అంటే ఉద్యోగం కావాలని మొక్కుకున్న మీకు అక్కడ చోటు ఉంది. మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి కూడా పాఠాలు చెప్పి, శాస్త్రాలకు వ్యాఖ్యానాలు రాసినాయనే. ఒక పంతులమ్మ వెళ్లి కష్టం చెప్పుకోవడానికి అంతకంటే తగిన చోటు ఏముంటుంది? మీకు అక్కడ ప్రదక్షిణ చేస్తే ఊరట కలుగుతుందంటే వెళ్లండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీకు నేర్పినదానికి వేరే ఊరు, వేరే చరిత్ర ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఫినియాస్ క్వింబీ అనే గడియారాలు చేసే ఆయన, రోగాలకు మూలం తప్పుడు నమ్మకమేనని, నమ్మకం మారిస్తే జబ్బు పోతుందని ప్రచారం చేశాడు. ఆయన తర్వాతివాళ్లు అదే మాటను జబ్బు నుంచి డబ్బుకు తిప్పారు. 2006లో వచ్చిన ఒక సినిమా, పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. మన కోచ్‌లు దానికి నాలుగు ఉపనిషత్ మాటలు, ఒక ఓంకారం జోడించి అమ్ముతున్నారు. పరాయిది కాబట్టి పనికిరాదని నేను అనను, స్టెంటు కూడా మనం కనిపెట్టింది కాదు కదా. కానీ సనాతన ధర్మంలో ఇదే ఉందని ఎవరైనా అంటే, గీత పద్దెనిమిదో అధ్యాయం తెరిచి చూపించమనండి. ఏ పనైనా నెరవేరడానికి అక్కడ ఐదు కారణాలు చెప్పారు. పని జరిగే చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. మీ కోచ్ మొదటి నాలుగూ తీసేసి, ఐదోదాన్ని యూనివర్స్‌గా మార్చి, దాన్నీ మీ మనసు చెప్పినట్టు ఆడే పనిమనిషిని చేశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఎందుకంటే ఈ లెక్క ప్రకారం నష్టపోయిన ప్రతివాడూ తన నష్టానికి తానే దోషి. 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం తిండి లేక కుప్పకూలిపోయారు. వాళ్లంతా వాన గురించి నెగటివ్‌గా ఆలోచించారా? మీ నాయన ధర పడిపోయేట్టుందని అన్నది భయం పుట్టించడానికి కాదు. ఆయన మార్కెట్ చూసినవాడు. ఎప్పుడు అమ్మాలి, ఎంత నిల్వ పెట్టాలి, అప్పు ఎలా సర్దాలి అని ఆలోచించుకుంటున్నాడు. కూతురితో చెప్పుకుంటే కాస్త బరువు దిగుతుందనుకున్నాడు. ఈ ఉత్తరం మొత్తంలో మీరు సరిదిద్దుకోవలసింది నాకు కనబడింది ఆ ఒక్క ఫోన్ కాల్. అది కూడా పెద్ద పనేం కాదు. ఊరికి వెళ్లి, ఆయన మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడో లేదో చూసి, ఉల్లి సంగతి మీరే ఎత్తండి.

ఇప్పుడు ఉద్యోగం. 2025లో రాష్ట్రమంతా కలిపి 16,347 పోస్టులు. మీ కోర్సులోని డీఎస్సీ అభ్యర్థులందరూ నమ్మకంగా ‘నేనే’ అని పద్దెనిమిదిసార్లు రాసినా అందులో ఒక్క పోస్టు పెరగదు. మీకు పోస్టు తప్పింది నమ్మకం లోటువల్ల కాదు, మార్కులవల్ల. ఇందులో ఒక మంచి సంగతి ఉంది. మార్కులను వెతికి పట్టుకోవచ్చు, వైబ్రేషన్‌ను పట్టుకోలేం.

ఊహించుకోవడంవల్ల ఉపయోగమే లేదా అంటే ఉంది. ఏది ఊహిస్తున్నామన్నది ముఖ్యం. 1999లో ఫామ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో పరీక్షకు సిద్ధమవుతున్న విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరిని రోజూ కొన్ని నిమిషాలు మంచి గ్రేడ్ వచ్చినట్టు ఊహించుకోమన్నారు. ఇంకొందరిని తాము ఎక్కడ కూర్చుని, ఏ పుస్తకం తెరిచి, ఎలా చదువుతారో ఊహించుకోమన్నారు. రెండోవాళ్లు ఎక్కువ చదివారు, మార్కులూ బాగా తెచ్చుకున్నారు. ఫలితం ఊహించుకున్నవాళ్లు ఏమీ ఊహించనివాళ్లకంటే కూడా తక్కువ చదివారు. జర్మనీలో గాబ్రియేల్ ఓటింగెన్ అనే పరిశోధకురాలు ఉద్యోగాలు వెతుక్కుంటున్న పట్టభద్రులను గమనించారు. ఉద్యోగం వచ్చినట్టు తీయగా పగటికలలు కన్నవాళ్లకు రెండేళ్ల తర్వాత చూస్తే ఆఫర్లూ తక్కువ, జీతమూ తక్కువ. తమకు రాగలదన్న నమ్మకం ఉన్నవాళ్లకు మాత్రం మేలే జరిగింది. కాబట్టి మీ నమ్మకాన్ని నేను తీసేయమనడం లేదు. అది మీ పక్షానే ఉంది. దక్కినట్టు నటించడమే కాళ్లు లాగేస్తుంది. వచ్చేసిందని మనసు సంబరపడ్డాక మళ్లీ పుస్తకం ఎందుకు తెరుస్తుంది?

మొదటి నెల మీకు హాయిగా ఉన్నది నిజమే, దాన్ని భ్రమ అనుకోకండి. ఓడిపోయి ముఖం దాచుకున్న మనిషి రోజూ ఒక వేళకు కూర్చుని, చేత్తో రాసి, తన కోరికను తప్పనకుండా ఒప్పుకుంది. దానికే ప్రాణం కుదుటపడుతుంది. కాబట్టి నోట్‌బుక్కు పారేయాలని లేదు. ఉంచుకునేట్టయితే రాత్రి తొమ్మిది వాక్యాల బదులు రెండే రాయండి. నాకు ఏం కావాలి, రేపు దానికి అడ్డం పడేది ఏది. పాప నిద్రపోయేసరికి పదవుతుందా? స్కూల్ పేపర్లు దిద్దడం మిగిలిపోతుందా? అడ్డం తెలిస్తే దానికొక ఏర్పాటు కుదురుతుంది. ‘పాప పడుకోగానే ఫోన్ హాల్లో పెట్టి, ఒక మాక్ పేపర్‌లో సగం రాస్తాను’ అన్నంత ఖచ్చితంగా. ఓటింగెన్ దశాబ్దాలుగా పరీక్షించి చెబుతున్న పద్ధతి దాదాపు ఇదే. ఇందులో నెగటివ్ ఏముంది?

మాక్ టెస్టు మానడం మీకు జరిగిన అతి పెద్ద నష్టం, 14,000 కంటే. రెండు మార్కులు ఎక్కడ పోయాయో మీకు చెప్పగలిగింది అదొక్కటే. లెక్కల్లో కాక, బోధన పద్ధతులు, విద్యా మనోవిజ్ఞానం, జీకేల్లో పోయాయేమో చూసుకోండి. సబ్జెక్టు మీద పట్టున్న టీచర్లు చాలామంది అక్కడే జారుతారు. ఇంకో దారి మీకు తెలిసిందే అయినా ఉత్తరంలో దాని ఊసు లేదు. డీఎస్సీలో 20 మార్కులు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) వెయిటేజీ. టెట్ 150 మార్కులకు. అంటే టెట్‌లో ప్రతి ఏడున్నర మార్కులకు ఇక్కడ ఒక మార్కు. టెట్ మళ్లీ రాసి 15 మార్కులు పెంచుకోగలిగితే మీకు తగ్గిన రెండు మార్కులూ అక్కడే దొరుకుతాయి. వచ్చే నోటిఫికేషన్ ఎప్పుడన్నది మీ చేతిలో లేదు, అది మంత్రిగారి చేతిలో ఉంది. వయసు గురించి కంగారు మాత్రం ఇప్పుడే వద్దు, 2025లో జనరల్ అభ్యర్థులకే 44 ఏళ్ల దాకా అవకాశం ఇచ్చారు.

ఇక మీరు ఏం చేయవచ్చన్నది. పై లెవల్లో చేరితే ఏమవుతుందో ఆలోచించండి. కొన్ని వారాలు మళ్లీ హాయిగా ఉంటుంది, అది నిజం. ఉద్యోగం వస్తే ఘనత కోర్సుది, రాకపోతే లోపం మీ నమ్మకానిది. ఓడిపోవడానికే వీల్లేని వ్యాపారం అది. అన్నీ ఒక్కసారిగా మానేస్తే డబ్బు మిగులుతుంది కానీ, మొదటి రెండు మూడు వారాలు ఖాళీగా, ‘మానేశాను కాబట్టి ఏదో అవుతుందేమో’ అని గుబులుగా ఉంటుంది. ముందే తెలిస్తే తట్టుకోవచ్చు. ఆ గుబులు జోస్యం కాదు, అలవాటు పోతున్న బాధ. మూడో దారి, మీకు ఊరటనిచ్చిన ముక్కలు ఉంచుకుని, డబ్బు అడిగే ముక్కలు, మనుషులను దూరం చేసే ముక్కలు వదిలేయడం. నాకు ఇదే నచ్చింది. కానీ ఆ భయం ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటే పూర్తిగా మానేయడమే తేలిక కావచ్చు. మీ మనసు మీకే తెలుస్తుంది.

చీటీ డబ్బు సంగతి భర్తకు చెప్పాలా? చెప్పకపోతే ఈ నెల గొడవ ఉండదు. కానీ చీటీ పాడే రోజు వస్తుంది, అప్పుడు 14,000 కంటే దాచిన సంగతే పెద్దదవుతుంది. ఇంకో ముప్పు కూడా ఉంది. రహస్యం ఉన్నంతకాలం ఆ కోచ్‌తో తప్ప ఎవరితోనూ మీరు మనసు విప్పలేరు. చెబితే ఆయన అరవవచ్చు, ‘నేను ముందే అన్నా కదా’ అని నాలుగు రోజులు ఎత్తిపొడవవచ్చు. చెప్పేటప్పుడు క్షమాపణతో మొదలుపెట్టకుండా, పరీక్ష పోయాక మీకు ఎలా ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆయనకు ఆ సంగతి తెలియదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అత్తగారు ముందు వింటే నయమనుకుంటే ఆమెతోనే మొదలుపెట్టండి, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో నాకంటే మీకే తెలుసు.

కట్టిన డబ్బు తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను. ప్రకటనలో గానీ మెసేజీల్లో గానీ ఉద్యోగం గ్యారంటీ అన్నట్టు ఉంటే అవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, రసీదులతో కలిపి పెట్టుకోండి. ముందు రాతపూర్వకంగా వాపసు అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు ఉండదు, రెండేళ్లలోపు వేయాలి. ఇంత తిరుగుడు ఎందుకనుకుంటే వదిలేయండి, అదీ ఒక నిర్ణయమే.

ఆ ఆదివారం గడువును మాత్రం దాటనివ్వండి. సోమవారమో మంగళవారమో ‘మీ కోసం ప్రత్యేకంగా గడువు పొడిగించాం’ అని మెసేజీ వస్తుంది, చూడండి. దానికి జవాబు ఇవ్వకుండా ఒక మాక్ పేపర్ రాసి, ఎన్ని వచ్చాయో నాకు రాయండి. ఎంత తక్కువ వచ్చినా సరే.